జాజు గుర్తు పెట్టిన జీపు

పాత జీపు కొనాలనుకునే వాళ్లు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. చాలామంది కుర్రవాళ్లే. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి, ఇంటిల్లిపాదీ పట్టాలి, నట్టనడుమ ఆగిపోకూడదు, ఎట్లా చూసి కొనాలి అని అడుగుతారు. ఇంజను చప్పుడులో ఏం వినాలో, తుప్పు ఎక్కడ దాక్కుంటుందో, కొత్త రంగు కింద పాత అతుకును ఎట్లా పట్టుకోవాలో చెబుతాను. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. నేనూ చాలామటుకు అక్కడే నేర్చుకున్నాను. అయితే ఒక్క సంగతి మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మంచి బండిని ఎంచుకుని ఇంటికి తెచ్చుకునే లోపల, మన మేలు కోరే మనిషి దానికి ఏం చేయగలడో ఎవరూ రాయలేదు. ఆ ఒక్కటీ నేనైనా రాయకపోతే తెలిసినవాళ్లతోనే పోతుంది. అందుకని కూర్చున్నాను.

అరవయ్యో దశకం మొదట్లో నేను నల్లగొండలో ఒక మరమ్మతుల షెడ్డులో పనిచేసేవాడిని. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడిన మట్టి నేల. షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. మనిషి గట్టివాడు, మాట పెళుసు, చెయ్యి మంచిది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న జీపులు ఆ రోజుల్లో చేతులు మారి మారి మా వైపు వచ్చేవి. వాటిని విప్పి బిగించడంలో జిల్లాలో ఆయన తర్వాతే ఎవరైనా.

నేను ఏడో తరగతితో బడి మానినవాడిని. సాయంత్రం పని దిగగానే కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, మళ్లీ సబ్బుతో కడుక్కుని గ్రంథాలయానికి పోయేవాడిని. అక్కడి సారు గుమ్మంలోనే ఆపి "చేతులు" అనేవాడు. చేతులు తిప్పి చూపిస్తేనే లోపలికి. ఆయనే ఒకనాడు బీరువా అడుగు నుంచి, అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి ఇచ్చాడు. మిలిటరీ జీపు భాగాల గురించిన పుస్తకం. పక్కన నిఘంటువు పెట్టుకుని, మాట మాటకూ పేజీలు తిప్పుతూ, ఒక శీతాకాలమంతా చదివాను. చదివింది మర్నాడు షెడ్డులో చెప్పకుండా ఉండలేకపోయేవాడిని. దాంతో నాకు పంతులు అని పేరు పడింది. "అరే పంతులు, పుస్తకం పక్కకువెట్టి పానా అందుకో" అనేవాడు ఉస్తాద్. నాకు కోపం వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు ఇష్టమే.

ఒక ఎండాకాలం పొద్దున ఒక కుటుంబం షెడ్డుకు వచ్చింది. భుజాన గొంగడి వేసుకున్న ముసలాయన, ఆయన భార్య, వాళ్ల చిన్నకొడుకు. హుజూర్‌నగర్ నుంచి మేళ్లచెరువు పోయే దారిలో పక్కకు దిగిన ఒక ఊరు వాళ్లది. గొర్రెల మంద, కొంత నల్లరేగడి చేను ఉన్నవాళ్లు. మాట మొదలుపెట్టింది అవ్వ.

"నాయినా, బురదల దిగబడని బండి చూడాలె మాకు."

ఉస్తాద్ లారీ కింద నుంచే నవ్వాడు. "బురదల దిగబడనిది బర్రె ఒక్కటే అవ్వా."

"బర్రె మీద కూసోవెట్టి కోడల్ని దవాఖానకు తోల్కపొమ్మంటవా?"

"గట్లయితే మా పంతులును తోల్కపో. బురద సంగతి గూడ పుస్తకంల చదివిండు" అని ఉస్తాద్ మళ్లీ తన పనిలో పడిపోయాడు. తర్వాత అవ్వ చెప్పింది నేనొక్కడినే విన్నాను.

రెండేళ్ల కిందట వానాకాలంలో వాళ్ల పెద్దకోడలికి నొప్పులు వచ్చాయి. ఎడ్లబండి కట్టుకుని బయలుదేరారు. ఊరికీ హుజూర్‌నగర్‌కూ నడుమ రేగడిలో బండి ఇరుసు దాకా దిగబడింది. ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయి. మనుషులు పోయి ఇంకో జత ఎడ్లను తెచ్చేసరికి బండిలో తల్లీ లేదు, బిడ్డా లేదు. ఇప్పుడు చిన్నకోడలికి నెలలు నిండేది కూడా వానల్లోనే. "దీన్ని మల్ల ఎడ్లకు అప్పజెప్ప" అంది అవ్వ. ఏడవలేదు. సగం మందను అమ్మి వచ్చారు. గొర్లోళ్లకు జీపెందుకని ఊళ్లో నవ్వుతున్నారట. చిన్నకొడుకు కొన్నాళ్లు ట్రాక్టర్ తోలినవాడు కాబట్టి నడపడానికి ఇబ్బంది లేదు.

కట్టంగూర్ దగ్గర రోడ్డు పక్క బీడులో ఒక దళారి పాత బండ్లు నిలబెట్టి అమ్మేవాడు. అక్కడికి పోయాం. ఆనాడు అతని దగ్గర రెండు జీపులున్నాయి. ఒకటి ఆకుపచ్చ రంగు కొత్తగా పూసి, సీట్లకు కొత్త రెక్సిన్ కుట్టించి, పెళ్లికొడుకులా ఉంది. రెండోది ఎండకు వెలిసిపోయి, ఒక పక్క సొట్టపడి ఉంది. చిన్నకొడుకు నేరుగా పచ్చ జీపు దగ్గరికి పోయి స్టీరింగు పట్టుకున్నాడు.

నేను నేల మీద పడుకుని రెండింటి కిందా చూశాను. జీపులో ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసుకుపోయే ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది, ముందు చక్రాలకు మోసుకుపోయేది ఇంకొకటి. ఈ రెండోది ఉంటేనే, డ్రైవరు పక్కనున్న చిన్న పిడి లాగినప్పుడు నాలుగు చక్రాలూ పనిచేస్తాయి. పచ్చ జీపుకు ఆ ముందు గొట్టం లేదు.

"గది తీసేయించిన" అన్నాడు దళారి. "అది ఉంటే పెట్రోలు తాగుతది. తారు రోడ్డు మీద దాంతోని ఏం ఫాయిదా?"

అబద్ధమేం కాదు. అప్పట్లో అందరూ అట్లాగే తీయించేవాళ్లు. మా ఉస్తాద్ కూడా, మరమ్మతుకు వచ్చిన జీపుకల్లా ఆ గొట్టం విప్పి పక్కన పెట్టేవాడు. దానికి కూలి అడిగేవాడు కాదు. పెట్రోలు దొరకడం కష్టమైన రోజుల్లో అది ఆయన చేసే ఉపకారం. బండివాళ్లు సంతోషపడి పోయేవాళ్లు. అట్లా విప్పిన గొట్టాలు మా షెడ్డు గోడకు తీగలతో వేలాడుతుండేవి. ఎవరూ వచ్చి అడిగింది లేదు.

వెలిసిపోయిన జీపుకు మాత్రం రెండూ ఉన్నాయి. అయినా ముసలాయన తొందరపడలేదు. దళారితో రెండు బండ్లూ స్టార్టు చేయించి, ఆపేయమని, వాటి పక్కన గొంగడి పరుచుకుని చుట్ట ముట్టించాడు.

"ఏంది తాతా, పండుకుంటవా ఏంది?" అన్నాడు దళారి.

"గొర్రెను కొంటే జర సేపు ఇడిచిపెట్టి చూస్తం. మనిషి పక్కకున్నప్పుడు ఏదైనా కుదురుగనే నిలవడుతది."

"నా బండి గడ్డి మెయ్యదు."

"మెయ్యకున్నా పెంట ఎయ్యాలె గద. చూడనియ్యి."

చుట్ట అయిపోయాక వంగి కింద నేల చూశాడు. పచ్చ జీపు కింద నూనె మరకలు. రెండోదాని కింద నేల పొడిగా ఉంది. నా పుస్తకం కూడా ఇదే మాట చెప్పింది, కాకపోతే ఆరు పేజీల్లో. ఆ తర్వాత పక్కనున్న ఎండు వాగులోకి బండి దింపించి, వదులు ఇసుకలో చిన్న పిడి లాగమన్నాను. ముందు చక్రాలు ఇసుకను గీరుకుంటూ బండిని గట్టుకు ఎక్కించాయి. చిన్నకొడుకు పచ్చ జీపు వైపు ఒకసారి చూసి, ఇక చూడలేదు.

ముసలాయన, దళారి ఒకరి చేయి ఒకరు పట్టుకుని, మీద రుమాలు కప్పుకుని, వేళ్లతోనే బేరం చేసుకున్నారు. పశువుల సంతలో చేసినట్టే. పక్కన నిలబడిన నాకు ఇద్దరి ముఖాలు తప్ప ఏం తెలియలేదు. రుమాలు తీసేసరికి జీపు వాళ్లదైంది.

బ్రేకులు సరిచేసి, నూనె మార్చి, గ్రీజు పెట్టి ఇస్తామని బండిని షెడ్డుకు తెచ్చాం. అక్కడ ముసలాయన ఒక పని చేశాడు. రొంటిన ఉన్న మూటలోంచి జాజు తీశాడు. గొర్రెల కాపరులు తమ మంద గొర్రెలకు గుర్తు పెట్టుకునే ఎర్రమన్ను. దాన్ని నూనెలో తడిపి, బండి కింద దూరి, చేతికి అందిన ప్రతి ఇనుప ముక్కకూ అడ్డంగా ఒక గీత గీశాడు.

"గదేంది తాతా?" అని ఉస్తాద్ అడిగాడు.

"షెడ్డులల్ల సామాన్లు మారుస్తరంట."

షెడ్డంతా నవ్వింది. ఉస్తాద్ ఏమీ అనుకోలేదు. "గీయి తాతా. నా చెయ్యికి గూడ ఒకటి గీయి, మారకుంట ఉంటది" అన్నాడు. ముసలాయన నిజంగానే గీశాడు.

మర్నాడు ఒక లారీ సామాను కోసం నేను హైదరాబాదు పోవలసి వచ్చింది. పోయేముందు ఆ జీపుకు చేయవలసిన పనులన్నీ ఉస్తాద్‌కు చెప్పాను. చేయకూడనిది ఒకటుంటుందని తోచలేదు. అక్కడ సామాను దొరకక రోజులు పట్టింది. తిరిగి వచ్చేసరికి జీపు ఊరికి పోయింది. "ఖుషీగ పోయిన్రు" అన్నాడు ఉస్తాద్.

ఎండాకాలమంతా మంచి కబుర్లే వచ్చాయి. హుజూర్‌నగర్ బస్సు డ్రైవరు టీ తాగడానికి ఆగినప్పుడు చెప్పేవాడు. ఆ జీపులో ఒక పెళ్లికి పద్నాలుగు మంది ఎక్కారని, వెనకాల రెండు గొర్రెపిల్లలు కూడా ఉన్నాయని, ముసలాయన ముందు సీట్లో కర్ర నిలబెట్టుకుని పటేల్ లెక్క కూర్చున్నాడని. నేను ఎంచుకున్న బండి అని అందరికీ చెప్పుకునేవాడిని. గ్రంథాలయం సారుకు కూడా చెప్పాను. ఆయన ఆ ఒక్కరోజు నా చేతులు చూడకుండా లోపలికి పోనిచ్చాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. మూడో నాటి పొద్దున షెడ్డు రేకుల సందుల్లోంచి నీళ్లు గోడ వెంట కారుతుంటే, వేలాడే గొట్టాలు తుప్పు పడతాయని నేను ఒక్కొక్కటే దింపి లోపల పెడుతున్నాను. ఒకదాని మీద చెయ్యి పెట్టగానే ఆగిపోయాను. అడ్డంగా ఎర్ర గీత.

"ఉస్తాద్, గిది ఎవలది?"

ఆయన టీ తాగుతూ చూశాడు. "గా గొర్లోళ్ల తాతది. ఊకనే తీసిన. మంచి మనిషి, పెట్రోలు కలిసొస్తదని."

"చెప్పినవా వాళ్లకు?"

"చెప్పుడేముంది? అందరికి తీస్తనే ఉన్న గద."

అప్పుడు చెప్పాను, పెద్దకోడలి సంగతి. వాళ్లు సగం మంద అమ్మింది ఈ గొట్టం కోసమేనని, ఇది లేకపోతే ఆ జీపుకూ ఎడ్లబండికీ బురదలో తేడా ఏమీ లేదని. చిన్నకోడలికి ఇవే రోజులని.

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన మీద కేకలు వేయాలనుకున్నాను, ఆయన ముఖం చూసి వేయలేకపోయాను. "నాకెవలన్న చెప్పిన్రా" అని మాత్రం ఒకసారి అన్నాడు, అదీ నాతో కాదు. లేచి, నట్లూ బోల్టులూ ఒక డబ్బాలో పోసుకుని, పానాలు గోనెపట్టాలో చుట్టి నాకిచ్చి, గొట్టం తన భుజాన పెట్టుకున్నాడు. షెడ్డులో విప్పిన లారీ విప్పినట్టే ఉంది. దాని యజమాని అరుస్తుంటే వెనక్కు చూడలేదు.

బస్సు కండక్టరు గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టాడు. "గా తోపు ఎక్కడికి? లడాయికి పోతున్రా?"

"నువ్వు బెల్లు కొట్టు. తోవల చెప్త" అన్నాడు ఉస్తాద్.

మిర్యాలగూడ మీదుగా హుజూర్‌నగర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ కిరాయికి బండి అడిగితే, ఈ వానలో ఆ రేగడిలోకి ఎడ్లను దింపేది లేదన్నారు. నడిచాం. చెప్పులు మొదటి పొలం దగ్గరే వదిలేశాం. నల్లమట్టి కాళ్లకు అంటుకుని, అడుగు అడుగుకూ బరువెక్కేది. గొట్టాన్ని భుజాలు మార్చుకుంటూ మోశాం. ఉస్తాద్ నాకన్నా చాలా పెద్దవాడు, పైగా షెడ్డు దాటి నడిచే అలవాటు లేనివాడు. ఆగుదామని ఒక్కసారి కూడా అనలేదు.

ఊరు ఇంకా చాలా దూరం ఉండగానే జీపు కనిపించింది. మా వైపే ముఖం పెట్టి, వెనక చక్రాలు సగానికి పైగా మట్టిలో కూరుకుపోయి ఉంది. చుట్టూ మనుషులు. చిన్నకొడుకు స్టీరింగు దగ్గర ఉన్నాడు, పెద్దకొడుకూ మరికొందరూ వెనక నుంచి తోస్తున్నారు. వెనక చక్రాలు తిరిగిన కొద్దీ ఇంకా కిందికి పోతున్నాయి. లోపల చిన్నకోడలు, అవ్వ ఒడిలో తల పెట్టుకుని ఉంది. పొద్దున నుంచీ నొప్పులు.

చిన్నకొడుకు నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, పిడి గుంజుతున్న, ముంగటి చక్రాలు తిరుగుతలెవ్వు. ఖరాబైందే. నువ్వు మంచిదన్నవు గద." తర్వాత ఉస్తాద్ భుజం మీదున్న గొట్టం చూశాడు. దాని మీది ఎర్ర గీత చూశాడు. ఆ పిల్లవాడికి అర్థమైంది. పిడికిలి బిగించాడు కానీ ముసలాయన అడ్డంగా కర్ర పెట్టాడు. "ఎనుక కొట్టుకోవచ్చు. ముందు పని కానియ్యి."

ఉస్తాద్ బండి కిందికి దూరాడు. దూరడానికి జాగా లేదు. చేతులతో మట్టి తోడి జాగా చేసుకుని, వెల్లకిలా పడుకుని, నేను అందించిన గొట్టాన్ని గుండె మీద పెట్టుకుని జరిగాడు. వెనక కొస పట్టింది. ముందు కొస దగ్గరికి వచ్చాడు. కళ్లు మూసుకుని జీపులు బిగించే మనిషి, నట్టు వంకరగా ఎక్కించాడు. విప్పాడు. మళ్లీ వంకరగానే ఎక్కింది. ఇంకొకటి చేతిలోంచి జారి బురదలో పడిపోయింది. నాకు తెలియని ఉర్దూ తిట్లన్నీ తనను తానే తిట్టుకుంటున్నాడు. పైన ఆమె మూలుగు ఆగి, మళ్లీ మొదలైంది. అవ్వ "జల్ది కొడుకా, జల్ది" అంటోంది. బయట నలుగురూ అదే అంటున్నారు. నేనూ అన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి గొంతు వినిపించింది. అంతవరకూ ఆమె మాట్లాడగా నేను వినలేదు.

"అన్నా, నిమ్మలంగ వెట్టు. నేను ఆగుత."

కింద తిట్లు ఆగిపోయాయి. తర్వాత ఉస్తాద్ మామూలు గొంతుతో, షెడ్డులో ఉన్నప్పటి గొంతుతో, "పంతులు, చిన్న పానా" అన్నాడు. అందించాను. నట్టు తిన్నగా ఎక్కిన చప్పుడు నాకు తెలుసు. ఒకటి తర్వాత ఒకటి అన్నీ ఎక్కాయి.

ఆయన బయటికి వచ్చి స్టీరింగు ముట్టుకోలేదు. "నువ్వే తోలు, నీ బండి" అని చిన్నకొడుకుతో అన్నాడు. పిడి లాగితే ముందు చక్రాలు కదిలాయి. పట్టు దొరకక జారాయి. ముసలాయన భుజం మీది గొంగడి తీసి రెండుగా చింపబోయాడు, చినగలేదు. అట్లాగే పొడుగ్గా ముందు చక్రాల కిందికి తోశాడు. ఉన్ని పట్టుకుంది. జీపు ఒకసారి వణికి, ముందు చక్రాలతో గొంగడిని నమిలి వెనక్కి ఉమ్మేస్తూ, వెనక చక్రాలను గుంతలోంచి పైకి గుంజుకుంది. ఎవరూ కేరింతలు కొట్టలేదు. అందరూ పక్కన పరుగెత్తారు.

దవాఖాన చేరిన కొద్దిసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం.

తెల్లవారి ఉస్తాద్ అవ్వ ఎదుట నిలబడి, ఎవరూ అడగకముందే అంతా చెప్పాడు. గొట్టం తానే తీశానని, మంచికే అనుకున్నానని. అవ్వ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. గడ్డం నుంచి మోకాళ్ల దాకా ఇంకా ఎండిన నల్లమట్టే ఉంది ఆయనకు.

"మంచికే తీసినవు, కాదన. వానల మోసుకొచ్చినవు, గదీ కాదన" అంది. "ఒక్కటే అడుగుత కొడుకా. ఇగ మా బండికి మంచి చెయ్యకు."

ఆ మాట మా షెడ్డులో చాలా ఏళ్లు నడిచింది. ఎవరైనా అడగని పని చేయబోతే "మంచి చెయ్యకు" అనేవాళ్లం. గోడకు వేలాడే గొట్టాలను ఉస్తాద్ ఒక్కొక్కటే ఎవరిది వాళ్లకు కబురుపెట్టి పంపించాడు. కొందరు తీసుకున్నారు, కొందరు ఎందుకయ్యా ఈ ఇనుము అని నవ్వారు. కొత్తగా జీపు వస్తే మాత్రం, "ముందు చక్రాలతో నీకు పని ఉన్నదా?" అని అడిగి, జవాబు విన్నాకే పానా పట్టేవాడు. పాత బండి కొనబోయే మీరు కూడా, ఏం చేయించాలో చెప్పేముందు, ఆ బండి ఎందుకు కొన్నారో మెకానిక్కుకు చెప్పండి. నా పుస్తకంలో లేని పేజీ ఇదే.

ఇంతవరకూ ఎవరి పేరూ రాయలేదు, కథ వాళ్లలో ఏ ఒక్కరిదీ కాదు కాబట్టి. కృతజ్ఞత మాత్రం పేరు లేకుండా చెప్పకూడదు. అట్ట లేని పుస్తకాన్ని నాకు వెతికి ఇచ్చిన గ్రంథాలయం నర్సయ్య సారుకు, ఆ తోపును బస్సులో ఎక్కనిచ్చి టికెట్టు కొట్టని కండక్టరు పుల్లయ్యకు, కర్ర అడ్డం పెట్టిన బక్కయ్య తాతకు, తిట్టకుండానే అంతా అనేసిన ఎల్లమ్మవ్వకు, నా మీద నమ్మకం పోయినా స్టీరింగు గట్టిగా పట్టుకున్న లింగయ్యకు, పని నేర్పి, తప్పు ఒప్పుకోవడం కూడా నేర్పిన మా ఉస్తాద్ ఖాదర్‌కు నేను రుణపడి ఉన్నాను.

చివరగా సైదమ్మకు. ఆ రోజు అక్కడ తొందరపడే హక్కు ఉన్నది ఆమె ఒక్కతెకే. ఆగుతనన్నది. ఆగింది.